ఇంటి ఆవరణలో కోనిఫరు మొక్కల పెంపకము

ఏడాది పొడుగునా పచ్చగా ఉండి, గోపురము వలె నిటారుగా పెరిగే కోనిఫరు మొక్కలు ఇంటి ముంగిటికి నిండుదనము తెచ్చును. హైదరాబాదు నగరములో టోలిచౌకి, షేక్‌పేట, ఫిలింనగరు, జూబిలీహిల్సు ప్రాంతములలోని ఇండ్ల ముందు ఇవి తరచుగా కనబడును. మొయినాబాదు, చేవెళ్ళ, శంకరపల్లి వైపు భూములున్న రైతులు కూడ తోట ఇండ్ల వద్ద వీటిని నాటుచున్నారు. కొందరు నర్సరీలు పెట్టి అమ్ముచున్నారు.

అయితే డిసెంబరులో ముచ్చటపడి కొన్న మొక్క మే నెలలో ఎండిపోవుట చాలా ఇండ్లలో జరిగే పనియే. మరల డిసెంబరులో మరియొక మొక్క కొందురు. ఇందువలన డబ్బు పోవును. ఎండాకాలములో విలువైన బోరు నీరును వృథా అగును. మొక్క కోరే నేల ఒకటి, మనము ఇచ్చే నేల మరియొకటి అగుటయే దీనికి ముఖ్య కారణము. ఏ మొక్క ఎన్నుకొనవలెనో, దానిని ఎట్లు నాటి కాపాడవలెనో ఈ పాఠములో తెలుసుకొందము.

కోనిఫర్లు అనగా ఏవి?

పూలు పూయక, కోన్లు అనబడే పొలుసుల కాయలలో గింజలు కట్టే చెట్లను కోనిఫర్లు అందురు. పైను, దేవదారు, తూజా, జునిపెరు, సైప్రసు, అరాకేరియా ఈ కోవలోనివి. వీటి ఆకులు సూదుల వలెగాని, పొలుసుల వలెగాని ఉండును. ఆకు సన్నముగా, మైనపు పూతతో ఉండుట వలన నీరు తక్కువగా ఆవిరియగును. భూమిపై ఇవి పూలచెట్ల కంటె ఎంతో ముందు పుట్టినవి. మన ప్రాణహిత-గోదావరి లోయలో రాయిగా మారిన కోనిఫరు కొయ్య దొరికినది. నేడు మాత్రము దక్షిణ భారతమున అడవిలో సహజముగా పెరిగే కోనిఫరు పడమటి కనుమలలోని ఒక పోడోకార్పసు జాతి ఒక్కటే. మిగిలినవన్నియు మనము తెచ్చి నాటుకొన్నవే.

రెండు చెట్ల విషయములో పొరపాటు పడరాదు. సరుగుడు సూదుల వంటి రెమ్మలతో, చిన్న కోన్ల వంటి కాయలతో పైను చెట్టు వలె కనబడును గాని, అది కోనిఫరు కాదు, పూలచెట్టే. దాని వేళ్ళపై బుడిపెలు ఉండి గాలిలోని నత్రజనిని పట్టును. ఇక కోనోకార్పసు పేరు విని కొందరు దానిని కోనిఫరు అనుకొందురు. అదియు కాదు. వేగముగా పెరుగుననే కారణముతో దానిని రోడ్ల వెంట విరివిగా నాటినారు. తరువాత దాని వేళ్ళ వలన, పుప్పొడి వలన ఫిర్యాదులు వచ్చి, గుజరాతు రాష్ట్రములో 2023లో దానిని నాటుటను నిషేధించినారు. ఇంటి ఆవరణలో దానిని నాటవద్దు.

మన నేల, మన ఎండ

హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. ఏడాదికి సగటున సుమారు 800 మి.మీ. వర్షము పడును. అందులో నాలుగింట మూడు వంతులు జూన్ నుండి సెప్టెంబరు వరకు కురియును. ఏప్రిలు, మే నెలలలో ఎండ 40 డిగ్రీలను తాకును, గాలిలో తేమ ఉండదు. అందుచేత ఈ మొక్కలకు ఎండాకాలమున దప్పిక, వానాకాలమున వేరుకుళ్ళు అను రెండు గండములు కలవు.

టోలిచౌకి చుట్టుప్రక్కల రెండు రకముల నేలలున్నవి. ఫిలింనగరు, జూబిలీహిల్సు గుట్టలపై రెండు మూడు అడుగుల మొరము క్రింద గ్రానైటు బండ తగులును. అక్కడ నీరు నిలువదు గాని, బండ వేడెక్కి వేళ్ళను మాడ్చును. బండలో తొలిచిన గుంట మాత్రము తొట్టి వలె నీటిని పట్టి ఉంచును. గుట్టల దిగువన ఉన్న పల్లపు కాలనీలలో ఇందుకు భిన్నముగా నీరు నిలుచును. 2020 అక్టోబరులో కురిసిన కుండపోత వర్షములకు టోలిచౌకిలోని నదీమ్ కాలనీ నీట మునిగిన సంగతి అందరికి తెలిసినదే. అట్టిచోట్ల కోనిఫరును నేలమట్టముగా నాటిన, రెండు మూడు దినములు నీరు నిలిచినను వేళ్ళకు గాలి ఆడక చచ్చును. మొక్క పైభాగమున ఆ సంగతి కొన్ని వారముల తరువాత గాని తెలియదు.

ఏ మొక్కలను ఎన్నుకొనవలెను?

తూజా: మన అంగళ్ళలో మోర్‌పంఖీ అని అమ్మేది ఇదే. నెమలిపురి వలె రెమ్మలు నిలువుగా పరచుకొనును. చైనా ప్రాంతపు మొక్కయైనను మన ఎండకు బాగుగా అలవాటుపడినది. మొదటిసారి కోనిఫరు పెంచువారు దీనితో ప్రారంభించుట మంచిది. కనీసము అయిదారు గంటల ఎండ ఉండవలెను. నీడలో లోపలి ఆకు రాలి మొక్క బోసిపోవును. దీని కొమ్మలను పశువులకు, మేకలకు మేతగా వేయరాదు. ఆకులో విషగుణము కలదు.

జునిపెరు: చైనా జునిపెరు నిలువుగా పెరిగే రకములలోను, నేలపై పాకే రకములలోను దొరకును. మొరము నేలకు, రాళ్ళ వాలులకు ఇది చక్కగా సరిపడును. అధిక నీటిని అసలు ఓర్వదు. గుట్ట మీది ఇండ్లవారికి తగిన మొక్క.

అరాకేరియా: క్రిస్మస్ చెట్టు అని అమ్మేది ఇది. అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు వేయును. పసిఫిక్ సముద్రములోని నార్‌ఫోక్ దీవి, న్యూ కాలెడోనియా దీవులు వీటి పుట్టిల్లు. మంచు దేశపు చెట్టు కానందున మనవద్ద బ్రతుకును. అయితే కుండీలో మూడడుగులున్న ఈ మొక్క నేలలో కొన్ని ఏండ్లకు మూడంతస్తుల ఇంటిని దాటిపోగలదు. గోడకు, విద్యుత్తు తీగలకు కనీసము 15 నుండి 20 అడుగుల దూరము లేనిదే దీనిని నేలలో నాటరాదు. తీగలకు తగిలిన తరువాత దాని తల నరకవలసి వచ్చును. తల పోయిన అరాకేరియాకు ఆ అందము మరల రాదు.

నార్‌ఫోక్ పైను అని కొన్నది చాలాసార్లు దాని దగ్గరి చుట్టమైన కుక్ పైను అయి ఉండును. ఈ చెట్టు కొంచెము వంగి పెరుగును. అయిదు ఖండములలో కొలతలు తీసి 2017లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఇవి సగటున 8 డిగ్రీలకు పైగా భూమధ్యరేఖ వైపు వాలి ఉండుట కనుగొన్నారు. కాబట్టి మన ఊరిలో దక్షిణమునకు వాలును. చెట్టు కొద్దిగా దక్షిణమునకు ఒరిగినదని భయపడి త్రాళ్ళు కట్టి లాగ పనిలేదు. అయితే మొదలు వద్ద మన్ను పగిలి చెట్టు కదలుచున్నచో అది వేరు పట్టు తప్పినదని గ్రహించి తగిన చర్య తీసుకొనవలెను.

పోడోకార్పసు: వెడల్పైన ఆకులుండి కోనిఫరు వలె కనబడదు. ఒక పూట నీడ ఉన్న చోట్లకు, ఇండ్ల మధ్య సందులకు, కంచెలకు ఇది మిక్కిలి తగినది. కత్తిరింపును బాగుగా ఓర్చును.

సైప్రసు: ఉర్దూ, పారసీ భాషలలో సరో అనబడే చెట్టు. సన్నగా స్తంభము వలె పెరిగే ఇటలీ సైప్రసును గాలి ఆడే ఎత్తైన చోట ప్రయత్నింపవచ్చును. నిమ్మపండు రంగులో మెరిసే బంగారు సైప్రసు మాత్రము చల్లని సముద్రతీరపు మొక్క నుండి వచ్చినది. శీతకాలములో ఎంత మనోహరముగా ఉన్నను మన మే నెలను దాటుట కష్టము. దానిని ఒక ఋతువు మొక్కగానే ఎంచి కొనవలెను.

కొండ ప్రాంతపు దేవదారు, ఫర్, స్ప్రూసు చెట్లకు శీతకాలపు చలి తప్పనిసరి. సినిమాలలో కాశ్మీరు, ఊటీ దృశ్యములు చూచి వాటి కొరకు వెదుకవద్దు. పైను చెట్లు మన తెలుగు నేలలో అరకు, అనంతగిరి కొండల వంటి చల్లని చోట్ల పెరుగుచున్నవి. నగరపు ఇంటి ముంగిటికి అవి తగవు. పొలము గట్టున గాలిని ఆపు వరుస కావలెనన్నచో సరుగుడు నాటుకొనుడు. దాని కలపకు విలువ కలదు.

మొక్క కొనునప్పుడు

గోదావరి ప్రాంతములోని కడియము నర్సరీల నుండి నగరమునకు అలంకరణ మొక్కలు లారీలలో వచ్చును. దిగిన వెంటనే కొన్న మొక్క ప్రయాణపు బడలికతో ఉండును. మీరు కొనవలసినది అతి పొడవైన మొక్క కాదు. రెండు మూడు అడుగుల ఎత్తుండి, అడుగు వరకు పచ్చగా ఉన్నది. ఈ క్రింది పరీక్షలు చేయుడు.

1. రెమ్మను మెల్లగా వంచుడు. పెళుసుగా విరిగినచో ఆ మొక్క పైకి పచ్చగా ఉన్నను లోపల ఎండినదే.
2. మొదలు పట్టుకొని కదిలించుడు. మన్ను గడ్డలో వదులుగా ఆడినచో వేరు లేదు.
3. వీలైనచో సంచి ప్రక్కకు తీసి చూడుడు. వేళ్ళు గుండ్రముగా చుట్టుకొని ఉన్న మొక్కను వదలివేయుడు.
4. అరాకేరియాకు మధ్య మొవ్వు ఒకటే, చెక్కుచెదరక ఉండవలెను.

ఇంటికి తెచ్చిన మొక్కను పది దినములు పలుచని నీడలో ఉంచి, తరువాత నాటవలెను.

నాటుట

తొలకరి వానలు పడిన తరువాత జూన్, జూలై నెలలు నాటుటకు మంచివి. పల్లపు నేలలలో పెద్దవానలు వెనుకపట్టిన పిదప అక్టోబరులో నాటుట మేలు. ఫిబ్రవరి తరువాత నాటరాదు.

రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గుంట త్రవ్వుడు. నాటుటకు ముందు ఆ గుంటను నీటితో నింపి చూడుడు. మరునాటికి నీరు ఇంకినచో ఆ చోటు మంచిది. ఇంకనిచో అక్కడ గుంటలో నాటరాదు. అడుగున్నర ఎత్తు, నాలుగడుగుల వెడల్పు గల మట్టి దిబ్బ పోసి దానిపై నాటవలెను. ఈ ఒక్క పరీక్ష చేసినవారు చాలా మొక్కలను కాపాడుకొందురు.

గుంట నింపుటకు ఎర్రమన్ను రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒక పాలు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి, పావుకిలో వేపపిండి చేర్చుడు. పచ్చి పేడ వేయరాదు. అది వేడి చేయును, చెదలను పిలుచును. సంచిని కోసి పూర్తిగా తీసివేయుడు. గడ్డ చుట్టు బంక మన్ను గట్టిగా పట్టి ఉన్నచో దానిని వేళ్ళు తెగకుండ పైపైన గీరి వదులు చేయుడు. లేనిచో మీరు పోసిన నీరు చుట్టు ఉన్న గుల్ల మట్టిలోనికి పోయి, గడ్డ మాత్రము ఎండి ఉండును. నర్సరీలో మొదలు ఎంతవరకు మట్టిలో ఉన్నదో అంతవరకే ఉంచవలెను. మొదలును లోతుగా పాతిన కుళ్ళును.

కంచెగా వేయు తూజాకు మొక్కకు మొక్కకు మూడడుగులు, విడిగా పెంచుటకు అయిదారు అడుగుల దూరము ఉండవలెను. ప్రహరీ గోడకు మూడడుగుల లోపల నాటవద్దు. పడమటి ఎండ తగిలే గోడ, సిమెంటు నేల సాయంత్రము వరకు వేడిని కక్కుచుండును. వాటి ప్రక్కనున్న మొక్క ఆ వైపు మాడును.

నీరు పెట్టుట

ప్రతిదినము కొంచెము నీరు చల్లుట కంటె, వదలి వదలి లోతుగా తడుపుట మేలు. పై తడికి వేళ్ళు పైననే ఉండి ఎండలో మాడును. మొదటి ఏడాది ఎండాకాలములో వారమునకు మూడుసార్లు, మొక్కకు 8 నుండి 10 లీటర్ల చొప్పున ఉదయము పూట పోయవలెను. రెండవ ఏడాది వారమునకు రెండుసార్లు సరిపోవును. వానాకాలములో వాన ఎడతెగినప్పుడే పోయుడు. ఏ కాలములోనైనను జానెడు పుల్లను మొదలుకు దూరముగా మట్టిలో గ్రుచ్చి తీయుడు. పుల్లకు తడి మట్టి అంటుకొన్నచో ఆనాడు నీరు వద్దు.

మొదలు చుట్టు మూడంగుళముల మందమున ఎండుటాకులు, వరిపొట్టు లేక కొబ్బరి పీచు పరచినచో నీరు చాలా ఆదా అగును. ఆ పరుపు మొదలును తాకకుండ నాలుగంగుళములు వదలవలెను.

బోరు నీటిలో ఉప్పు, సున్నము ఎక్కువగా ఉన్నచో కొత్త చిగుళ్ళు పాలిపోయి పసుపుపచ్చగా మారును. అప్పుడు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, పది దినముల ఎడముతో రెండు సార్లు సాయంకాలము చల్లుడు. ఇంటికప్పు మీది వాననీటిని తొట్టెలో పట్టి వాడుట అన్నిటికంటె మంచి మందు.

ఎరువు

ఈ మొక్కల ఆకలి స్వల్పము. ఏటా జూన్ నెలలో మొక్కకు 5 కిలోల పశువుల ఎరువు, 200 గ్రాముల వేపపిండి వేసి మట్టితో కలిపిన చాలును. తొందరగా పెరుగవలెనని యూరియా వేసినచో మెత్తని చిగురు వచ్చి నల్లికి ఆహారమగును. ఎండాకాలమున ఏ ఎరువూ వేయరాదు.

కత్తిరింపు

మన తోటలలో వేప, గోరింట, బొగడ చెట్లను ఎక్కడ నరికినను చిగురించును. కోనిఫరు అట్లు కాదు. తూజా, జునిపెరు, సైప్రసులలో ఆకు లేని ముదురు కొయ్య నుండి మరల చిగురు రాదు. పచ్చ దాటి లోపలికి కోసినచో ఆ బొక్క చెట్టు ఉన్నంతకాలము అట్లే ఉండును. కావున ఏటా జూలైలోను, అక్టోబరులోను పచ్చని కొసలను మాత్రము పలుచగా కత్తిరించుడు. కంచెను అడుగున వెడల్పుగా, పైన సన్నముగా ఉంచినచో క్రింది కొమ్మలకు ఎండ తగిలి పచ్చగా నిలుచును. పోడోకార్పసు ఒక్కటి గట్టి కోతను ఓర్చును. అరాకేరియాను కత్తిరింపనే రాదు; ఎండిన క్రింది కొమ్మలను తీసిన చాలును.

ఆకు ఎర్రబడినచో

గాబరాపడి నీరు గ్రుమ్మరించుట చాలామంది చేసే పని. ముందు ఎక్కడ ఎర్రబడినదో చూడవలెను.

1. లోపలి పాత ఆకు మాత్రము ఎండి రాలుచున్నచో అది సహజము. మందు అక్కరలేదు.
2. కొసలు మాడినచో ఎండదెబ్బ, దప్పిక, లేక ఉప్పునీరు కారణము.
3. ఒకే వైపు మాడినచో గోడ వేడియో, సిమెంటు నేలయో కారణము. గోనెపట్టాతో నీడ కట్టుడు.
4. మొక్క అంతయు వన్నె తగ్గి, మట్టి తడిగానే ఉన్నచో వేరుకుళ్ళు. నీరు వెంటనే ఆపుడు. చుట్టు కాలువ తీసి నీటిని వెడలగొట్టుడు. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మొదలు చుట్టు నేల తడియునట్లు పోయుడు.
5. ఆకు దుమ్ము పట్టినట్లు బూడిద రంగుకు మారినచో ఎర్రనల్లి.

కొమ్మ బ్రతికియున్నదో లేదో తెలియుటకు గోటితో బెరడును గీరుడు. లోపల పచ్చగా ఉన్నచో ప్రాణమున్నది. గోధుమ రంగుగా ఉన్నచో ఆ కొమ్మను తీసివేయుడు.

పురుగులు

ఎర్రనల్లి మార్చి నుండి జూన్ వరకు తూజా, జునిపెరులపై వచ్చును. తెల్ల కాగితముపై రెమ్మను దులుపుడు. చుక్కలవంటివి కదలుచున్నచో అదే నల్లి. వారమునకు రెండుసార్లు ఉదయము వేగముగా నీటిని రెమ్మల లోపలికి చిమ్మినచో చాలవరకు పోవును. రోడ్ల దుమ్ము కూడ కడిగినట్లగును. తగ్గనిచో లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకము చల్లవచ్చును. అయితే మిట్టయెండలో గంధకము ఆకును మాడ్చును. కనుక ఎండ తీవ్రత తగ్గిన దినములలో, సాయంకాలము మాత్రమే చల్లవలెను. పిండినల్లికి, పొలుసు పురుగులకు లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కొంచెము సబ్బునీరు కలిపి చల్లుడు. రెమ్మలతో అల్లిన చిన్న సంచులు వ్రేలాడుచున్నచో వాటిలో పురుగు ఉండును. చేతితో తీసి కాల్చుడు.

నర్సరీ పెట్టువారికి

తూజాను గింజతో సులభముగా పెంచవచ్చును. కోన్లు గోధుమ రంగుకు తిరిగి, ఇంకను విచ్చకముందు కోసి నీడలో ఆరబెట్టిన గింజ రాలును. ఇసుక, ఎర్రమన్ను సమపాళ్ళలో కలిపిన మడిలో నాటిన మూడు నాలుగు వారములలో మొలచును. జునిపెరును జానెడు కొమ్మ ముక్కలతో, మొదట కొద్దిగా పాత బెరడు అంటి ఉండునట్లు చీల్చి, వేరు పుట్టించు పొడిలో ముంచి ఇసుకలో నాటవలెను. వేరు పట్టుటకు రెండు మూడు నెలలు పట్టును, ఓపిక అవసరము.

అరాకేరియాలో ఒక రహస్యము కలదు. ప్రక్క కొమ్మను కోసి నాటినను వేరు పట్టును గాని, ఆ మొక్క ఎన్నటికి నిలువుగా పెరుగదు. కొమ్మ వలె ప్రక్కకే పోవును. నిటారు మొక్క కావలెనన్నచో తాజా గింజ నుండిగాని, మధ్య మొవ్వు నుండిగాని పెంచవలెను. ప్రక్క కొమ్మల మొక్కలను అమ్మినచో కొన్నవారు మరల మీ గడప తొక్కరు.

కుండీలోని క్రిస్మస్ చెట్టు

పండుగకు ఇంటిలోనికి తెచ్చిన మొక్కను పది దినములకు మించి లోపల ఉంచరాదు. దీపముల వేడి తగులరాదు. తిరిగి బయట పెట్టునప్పుడు మొదటి వారము వరండాలో, రెండవ వారము చెట్టు నీడలో, తరువాత ఉదయపు ఎండలో ఉంచుడు. ఒక్కసారిగా ఎండలో పెట్టిన ఆకు మాడును. రెండేండ్లకొకసారి ఒక కొలత పెద్ద కుండీలోనికి మార్చుడు.

ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినవి

గుట్ట మీద జునిపెరు, ఎండ గల ముంగిట తూజా, నీడలో పోడోకార్పసు, విశాలమైన ఖాళీలో మాత్రమే అరాకేరియా. గుంటలో నీరు ఇంకుట చూచి నాటుడు. పుల్ల గ్రుచ్చి చూచి నీరు పోయుడు. పచ్చ దాటి కత్తెర పెట్టకుడు. నాలుగు మొక్కలు కొనగల డబ్బుతో ఒక మంచి మొక్కను కొని మూడు ఎండాకాలములు దాటించుడు. ఆ తరువాత దానికి మీ సేవ అంతగా అక్కరలేదు.